వీకెండ్‌లో మొహావీ రోడ్డు: మొత్తం వద్దు, ఒక ముక్క పెట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబరు రెండో వీకెండ్‌కి దక్షిణ కాలిఫోర్నియాలోని అర్వైన్ నుంచి రెండు బండ్లు: మీ కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ 4రన్నర్, మీ ఫ్రెండ్ ఆల్‌వీల్ డ్రైవ్ రావ్4. మీరు, మీ ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఫ్రెండ్ దంపతులు, వెరసి ఏడుగురు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, కొలరాడో నది ఒడ్డున మొదలుపెట్టి, కాలిఫోర్నియా ఎడారికి అడ్డంగా పోయే పాత మట్టి దారి మొహావీ రోడ్డు మొత్తం పూర్తిచేసి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. అవుతుందా, ఏమేం కొనాలి?

అవదండి. మీ బండి పనికిరాక కాదు, మీకు డ్రైవింగ్ రాక కాదు, టైము చాలక. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు వెళ్ళాను, ముక్కలుగా ఎన్నిసార్లో లెక్కలేదు. రెండు రోజుల్లో ఒక్కసారి పూర్తిచేశాం. ఆ ట్రిప్పులో ఏం చూశామో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. దుమ్ము, ముందు బండి వెనక లైట్లు, అంతే.

లెక్క చూడండి. రోడ్డు సుమారు 138 మైళ్ళు. వీడియోల్లో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కానీ, నిజంగా నడిపితే గంటకి 12 నుంచి 15 మైళ్ళు దాటదు. అంటే చక్రం తిరిగే టైమే తొమ్మిది నుంచి పదకొండున్నర గంటలు. నవంబరులో నాలుగున్నర దాటితే సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, రోజుకి పదిన్నర గంటలే వెలుతురు. ఏడుగురు లేచి, కాఫీలు తాగి, టెంట్లు మడిచి బండెక్కేసరికి రెండు గంటలు పోతాయి. వెలుతురు ఉండగానే క్యాంపు వేసుకోవాలి కాబట్టి ఇంకో గంట. మధ్యలో ఆగకుండా వెళ్ళేటట్లయితే అసలు ఆ రోడ్డుకి ఎందుకు వెళ్ళడం? పైగా అర్వైన్ నుంచి నది పక్కన ఉన్న నీడిల్స్ ఊరి దాకా మామూలుగానే నాలుగు గంటల పైన. శుక్రవారం సాయంత్రం 91 ఫ్రీవే మీద, కహోన్ పాస్ మీద వేగాస్ వెళ్ళే జనంతో ఆరు గంటలు అనుకోండి. అర్ధరాత్రి నది ఒడ్డున టెంటు వేస్తూ మీ ఆవిడ మీతో ఏమంటారో ఊహించుకోండి.

ఇంకో సంగతి. అసలు ఆ దారి వేసినవాళ్ళు మైళ్ళు లెక్కపెట్టలేదు, నీళ్ళు లెక్కపెట్టారు. మొహావీ తెగవాళ్ళు నది నుంచి పసిఫిక్ తీరానికి వ్యాపారం కోసం నడిచిన కాలిబాట అది. ఒక ఊట నుంచి ఇంకో ఊటకి ఒక రోజు నడక. ఫోర్ట్ పయూట్, రాక్ స్ప్రింగ్, మార్ల్ స్ప్రింగ్స్, సోడా స్ప్రింగ్స్, అన్నీ ఆ వరసే. మార్ల్ స్ప్రింగ్స్‌కీ సోడా స్ప్రింగ్స్‌కీ నడుమ ‘సెవెంటీన్ మైల్ పాయింట్’ అని ఒక చోటు ఉంది. ఎటు చూసినా నీళ్ళు పదిహేడు మైళ్ళ దూరం కాబట్టి ఆ పేరు. 1776లో స్పానిష్ మతగురువు ఫాదర్ గార్సెస్, 1826లో అమెరికన్ అన్వేషకుడు జెడిడయ్యా స్మిత్ ఆ తెగవాళ్ళ సాయంతోనే దాటారు. 1857లో బీల్ అనే అధికారి అమెరికా సైన్యం తెప్పించిన ఒంటెల్ని ఈ దారినే తోలుకెళ్ళాడు. ఇది మీ అబ్బాయికి చెప్పండి, ఫోను పక్కన పెడతాడు. ఊటకీ ఊటకీ మధ్య రోజు నడకలాగా, మీరు వెలుతురుకీ వెలుతురుకీ మధ్య ఎంత అవుతుందో అంతే పెట్టుకోవాలి.

ఇక బండ్ల సంగతి. 4రన్నర్‌కి దిగులు లేదు. లో రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉంది, కింద ఎత్తుంది, స్టెప్నీ పూర్తి సైజుది. రావ్4 మంచి బండే, నేనూ ఒకప్పుడు నడిపాను, మంచులో బాగా వెళ్తుంది. కానీ దానికి లో రేంజ్ లేదు, స్టెప్నీ స్థానంలో ఉండేది సన్నటి తాత్కాలిక చక్రం. అది తారు రోడ్డు మీద నిదానంగా మెకానిక్ షెడ్డు దాకా వెళ్ళడానికి మాత్రమే. రాళ్ళ మీద ఆ చక్రంతో నలభై మైళ్ళు వెళ్ళాల్సొస్తే ఇంకో టైరు కూడా పోతుంది. మెత్తటి ఇసుకలో ఎక్కువసేపు మొరాయిస్తే వెనక చక్రాలకి పవర్ ఇచ్చే భాగం వేడెక్కి, మామూలు ముందు చక్రాల బండి అయిపోతుంది. లాన్‌ఫెయిర్ లోయ దాటాక వాట్సన్ వాష్ అనే వాగు గట్టు ఉంది. వానలకి కోసుకుపోయి నిటారుగా దిగాలి. అక్కడ రావ్4 ముందు బంపరు ఊడిపోతుంది. ఆ బండి మట్టి రోడ్లకే పరిమితం. అద్దె బండి తెద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఒప్పందంలో ఆఫ్‌రోడ్ నిషేధం ఉంటుంది, ఏం జరిగినా మీ జేబుకే.

అంటే ఇసుక దారిలో వెళ్ళేది మీ 4రన్నర్ ఒక్కటే. ఇదే నాకు నచ్చని విషయం. ఎందుకో చెప్తాను.

తొమ్మిదేళ్ళ క్రితం ఫిబ్రవరిలో నేను ఒక్కణ్ణే నా ట్రక్కులో ఈ రోడ్డు మీదే వచ్చే సోడా లేక్ దాటబోయాను. పేరుకి లేక్, చూస్తే ఎండిన మైదానం. పది రోజుల ముందు వాన పడింది, ఈపాటికి ఆరిపోయి ఉంటుందనుకున్నాను. పైన ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉప్పు, టైరు జాడలు గట్టిగా కనిపిస్తున్నాయి. రెండు మూడు వందల గజాలు వెళ్ళాక స్టీరింగ్ తేలికైపోయింది. వెన్నలో కత్తి దిగినట్టు ముందు కుడి చక్రం దిగిపోయింది. కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. అదే తప్పు. దిగి చూస్తే పై పెచ్చు కింద నల్లటి బంక, బురద వాసన. మాది నల్లరేగడి ఊరే. వానాకాలంలో ట్రాక్టర్లు ఎలా దిగబడతాయో చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినవాణ్ణి. అయినా అమెరికా ఎడారిలో రేగడి ఉంటుందని తట్టలేదు. పార లేదు. వంట గిన్నె మూతతో తవ్వాను. నాలుగు గంటల తరవాత నాలుగు జీపులు వచ్చి తాడు కట్టి లాగాయి. వాళ్ళలో ఒక పెద్దాయన నన్ను తిట్టలేదు, ఒక్కటే అడిగాడు: “నీ రెండో బండి ఎక్కడ?”

అందుకే సోడా లేక్ ఈసారి వద్దు. వాన పడిన ఏడాది అసలే వద్దు. తడిగా ఉంటే పక్కనుంచి చుట్టి వెళ్దామని అందరికీ అనిపిస్తుంది. అది చట్టవిరుద్ధం, జాడ వదిలి బండి తిప్పకూడదు. పైగా పక్కన ఇంకా మెత్తగా ఉంటుంది. బేకర్ అనే ఊరి మీదుగా తారు రోడ్డున చుట్టూ తిరిగి రావడమే మార్గం. ఆ మైదానం నడిమధ్య ట్రావెలర్స్ మాన్యుమెంట్ అని రాళ్ళ గుట్ట ఉంటుంది, దాటే ప్రతివాళ్ళూ ఒక రాయి తెచ్చి వేస్తారు. పైన పలక మీద ఏం రాసుందో బయట చెప్పకూడదని ఆనవాయితీ. నేనూ చెప్పను, ఎప్పుడో మీరే వెళ్ళి చదువుకోండి. ఆ తరవాత వచ్చే ఆఫ్టన్ కాన్యన్‌లో రైలు వంతెన కింద మొహావీ నదిని దాటాలి. ఒక నెలలో మోకాలి లోతు, ఇంకో నెలలో బానెట్ పైకి వస్తుంది. ముందు మనిషి నడిచి చూడకుండా బండి దించకూడదు. అమ్మానాన్నని వెనక సీట్లో పెట్టుకుని చేసే పని కాదు.

మరి ఏం చేయాలి? నేనైతే ఈ రోడ్డు పోయే రక్షిత ఎడారి ప్రాంతం, మొహావీ నేషనల్ ప్రిజర్వ్ నడిబొడ్డున ‘హోల్ ఇన్ ది వాల్’ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగి, అక్కణ్ణుంచి రోడ్డులో మధ్య ముక్క మాత్రం చూస్తాను. ఆ క్యాంపు దాకా తారు రోడ్డే, రావ్4కి ఇబ్బంది లేదు. టాయిలెట్లు ఉన్నాయి, బల్లలు, నెగడు వేసుకునే ఇనప చట్రాలు ఉన్నాయి. మీ అమ్మగారికి టాయిలెట్ ఎంత ముఖ్యమో మీరు వీడియోలు చూసి తెలుసుకోలేరు, నేను మా అమ్మని తీసుకెళ్ళి తెలుసుకున్నాను. బయట పొదల చాటుకి వెళ్ళడానికి ఇష్టంలేక పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేసింది. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళు తిరగడం. ఎడారిలో పెద్దవాళ్ళకి వచ్చే చిక్కుల్లో సగం ఇలాగే మొదలవుతాయి. పగలంతా క్యాంపు దగ్గర ఉండరు కాబట్టి మూతున్న బకెట్ మీద పెట్టుకునే సీటు, జెల్ సంచులు, నిలువు గుడారం ఒకటి కొనండి. మీ జాబితాలో అన్నిటికన్నా ముందు ఇది.

శుక్రవారం క్యాంపు దాకా వెళ్ళొద్దు. ఎనిమిదింటికి, ట్రాఫిక్ తగ్గాక బయల్దేరి బార్‌స్టోలో మోటెల్‌లో పడుకోండి. శనివారం తెల్లారి ఆరింటికి అక్కడే ట్యాంకులు నింపుకుని 40 ఫ్రీవే మీద తూర్పుకి వెళ్ళండి. యాభై మైళ్ళకి లడ్లో వస్తుంది, అక్కడ మళ్ళీ పై దాకా నింపండి. ప్రిజర్వ్ లోపల పెట్రోలు బంకులు లేవు. సరిగ్గా వందో మైలు దగ్గర ఎసెక్స్ రోడ్డు ఎగ్జిట్, అక్కణ్ణుంచి ఉత్తరంగా లోపలికి. ఎనిమిదిన్నరకి క్యాంపులో ఉంటారు. టెంట్లు వేసేసి, రాత్రికి కావలసినవి దించేసి, పది లోపు కదలండి. వీకెండ్‌లో చోటు నిండిపోయే అవకాశం ఉంది కాబట్టి పొద్దున్నే చేరడం రెండు రకాలుగా లాభం.

బ్లాక్ కాన్యన్ రోడ్డు మట్టిదే కానీ చదును చేసి ఉంచుతారు, అదే మిమ్మల్ని సెడార్ కాన్యన్ రోడ్డుకి చేరుస్తుంది. ఆ ప్రాంతంలో మొహావీ రోడ్డు దీనిని ఆనుకునే పోతుంది. రాక్ స్ప్రింగ్ దగ్గర ఆపి అందరూ దిగండి. రాతి పగుల్లో కాసిని నీళ్ళు, పక్కన సైనికులు చెక్కిన రాతలు. దగ్గర్లో బర్ట్ స్మిత్ అనే మాజీ సైనికుడి రాతి ఇల్లు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాక, పొడి గాలి కోసం 1929లో ఇక్కడికి వచ్చాడు. ఎక్కువ రోజులు బతకడనుకున్న మనిషి ఆ ఇంట్లో పాతికేళ్ళు ఉన్నాడు. మా నాన్న ఆ గుమ్మం దగ్గరే అరగంట కూర్చుండిపోయారు. అక్కణ్ణుంచి గవర్నమెంట్ హోల్స్: పాత గాలిమర, పశువుల దొడ్డి. 1925లో ఇద్దరు కౌబాయ్‌లు నిజంగానే తుపాకులతో కాల్చుకుని చచ్చిపోయిన చోటు. అక్కడికి పోయే చిన్న దారి మీద రావ్4ని దించకండి, రోడ్డు పక్కన పెట్టి 4రన్నర్‌లో రెండు విడతలుగా అందరినీ తీసుకెళ్ళండి. దారిలో కాలి మోడైన చెట్లు చాలా కనిపిస్తాయి. 2020 ఆగస్టులో సీమా డోమ్ మీద వచ్చిన మంటల్లో పదమూడు లక్షల దాకా జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. 2023 యార్క్ ఫైర్‌లో ఇంకో తొంభై వేల ఎకరాల పైన పోయింది. పాత వీడియోల్లో చూసిన అడవి కోసం వెతుక్కోవద్దు.

మధ్యాహ్నం ముక్క మాత్రం షరతు మీద. కెల్సో-సీమా రోడ్డు దాటి పడమరగా మార్ల్ స్ప్రింగ్స్, అక్కణ్ణుంచి మెయిల్‌బాక్స్, ఆపైన కెల్బేకర్ రోడ్డు తారు మీదికి. ఈ మెయిల్‌బాక్స్ 1983 నుంచీ ఉంది. జెండా కర్ర కింద మామూలు ఉత్తరాల డబ్బా, అందులో పుస్తకం. వచ్చినవాళ్ళు పేరు, తేదీ రాస్తారు. వెనక్కి నడిస్తే జనం తెచ్చిపెట్టిన కప్పల బొమ్మలు, గడ్డం మరుగుజ్జుల బొమ్మలు వందల్లో ఉంటాయి. మీ అబ్బాయిని అక్కణ్ణుంచి లాక్కురావడం కష్టం. దారి మెత్తటి ఇసుక, ఒంటె మూపురాల్లాంటి ఎత్తుపల్లాలు, పక్కన ముళ్ళ పొదలు. కొత్త బండి పెయింట్ మీద సన్నటి గీతలు పడతాయి, పడ్డాక బాధపడి లాభం లేదు, ఇప్పుడే బాధపడండి. దీనికి రెండో ఫోర్ వీల్ డ్రైవ్ బండి దొరికితేనే వెళ్ళండి. ఆఫీసులో రాంగ్లరో టకోమానో ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, బిర్యానీ ఆశ చూపించండి. దొరక్కపోతే రావ్4తోనే తారు మీద, చివర కాస్త మట్టి రోడ్డున కెల్సో డ్యూన్స్‌కి వెళ్ళండి. సాయంత్రం ఎండలో ఆ ఇసుక కొండలు మెయిల్‌బాక్స్‌కి ఏమీ తీసిపోవు. వెళ్తే మాత్రం పదకొండున్నరకి కెల్సో-సీమా రోడ్డు దాటాలి, మూడున్నరకల్లా కెల్బేకర్ తారు మీద ఉండాలి. ఒంటిగంటకి మార్ల్ స్ప్రింగ్స్ చేరకపోతే అక్కడే వెనక్కి తిరగండి. ఈ టైములు ఇంట్లో, తీరిగ్గా ఉన్నప్పుడు కాగితం మీద రాసుకోండి. అక్కడికి వెళ్ళాక “ఇంకో అరగంటేగా” అనే మనిషి ప్రతి బృందంలో ఒకడు ఉంటాడు, మా బృందంలో అది నేనే.

టైర్ల గాలి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఖర్చంతా లైట్ల మీదా, పైకప్పు రాక్ మీదా పెట్టి దీన్ని వదిలేస్తారు. తారు వదిలి ఇసుక దారి పట్టగానే బండి ఆపి, నాలుగు టైర్లలో గాలి 33 నుంచి 20 పీఎస్‌ఐకి దించండి. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగాలో పడి ఇసుకలో దిగదు, రాళ్ళు కూడా పొడవకుండా రబ్బరు వంగి సర్దుకుంటుంది. రేకు కప్పులా గతుకులుండే మట్టి రోడ్డు మీద మీ నాన్నగారి నడుముకీ అదే రక్ష. మొదటిసారి చేసినప్పుడు టైరు చూసి పంక్చర్ అయిందేమో అని భయమేస్తుంది, అలాగే ఉండాలి. దించాక వేగం తగ్గించాలి, గట్టి మలుపులు తిప్పకూడదు. టైరు పక్క భాగం (సైడ్‌వాల్) ఉబ్బుతుంది కాబట్టి పక్క నుంచి వచ్చే రాయిని ఇప్పుడు ఎక్కువగా చూసుకోవాలి. తారు ఎక్కగానే తిరిగి నింపాలి, దానికి బ్యాటరీకి నేరుగా తగిలించే కంప్రెసర్ కొనండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నది నాలుగు టైర్లు నింపేలోపు చేతులెత్తేస్తుంది. కొన్నాక ఇంటి ముందు ఒకసారి నాలుగూ దించి నింపి చూసుకోండి. మా ఫ్రెండ్ ఒకడి కంప్రెసర్ గొట్టం వాల్వ్‌కి సరిపోలేదని ఎడారిలోనే తెలిసింది.

మిగతా సామాను పెద్దగా లేదు. పొడుగు పార ఒకటి, ఇసుకలో చక్రం కింద పెట్టే ప్లాస్టిక్ పలకలు ఒక జత, బండిని లాగడానికి సాగే తాడు, దాన్ని బండికి తగిలించే మెత్తటి షాకిల్స్ రెండు, పంక్చర్ కిట్, జాకీ కింద వేయడానికి ఒక చెక్క. చెక్క లేకపోతే ఇసుకలో జాకీ బండిని లేపదు, తనే దిగిపోతుంది. ఒక్క విషయం మాత్రం పెద్ద అక్షరాల్లో రాసినట్టు చదవండి: ట్రైలర్ తగిలించే గుండు బంతికి తాడు కట్టి ఎప్పుడూ లాగకూడదు. అది విరిగితే ఫిరంగి గుండులా వస్తుంది, మనుషులు చనిపోయారు. ఇసుకలో బండి ఆగిపోతే యాక్సిలరేటర్ తొక్కకండి, దిగండి, చక్రాల వెనక తవ్వండి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. మామూలు రోడ్‌సైడ్ సర్వీసువాళ్ళు ఆ దారుల్లోకి రారు, ఆఫ్‌రోడ్ బండ్లు లాగేవాళ్ళు వేల డాలర్లు తీసుకుంటారు.

నీళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్. ఏడుగురికి రెండు రోజులకి పద్నాలుగు, వంటకీ కడుక్కోవడానికీ కలిపి ఇరవై. అయిదు గ్యాలన్ల డబ్బాలు నాలుగు, రెండు బండ్లలో చెరి రెండు. క్యాంపులో కుళాయి ఉందని వినుంటారు, అది బోనస్ అనుకోండి. బరువు పైకప్పు మీద పెట్టొద్దు.

చలి సంగతి మీరు అడగలేదు కానీ మీ ట్రిప్పుని చెడగొట్టేది అదే కావచ్చు. ఆ క్యాంపు 4,400 అడుగుల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం టీషర్ట్, రాత్రి లంబసింగి. నవంబరులో సున్నా సెల్సియస్ దగ్గరికి రావచ్చు, గాలి మొదలైతే చెప్పక్కర్లేదు. అమ్మానాన్నకి నేల మీద పరుపు కాదు, ఎత్తు మంచం, దాని మీద మందపాటి ప్యాడ్, సున్నాకి తగిన స్లీపింగ్ బ్యాగులు, కోతి టోపీలు. ఇన్సులిన్ ఉంటే కూలర్‌లో ఐస్‌కి తగలకుండా పెట్టాలి, గడ్డకడితే పనికిరాదు. టెంట్లో వెచ్చగా ఉంటుందని స్టౌ వెలిగించడం, బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

స్టౌ అన్నాను కాబట్టి: మన ఇళ్ళలో అందరి దగ్గరా కొరియన్ షాపులో కొన్న బ్యూటేన్ స్టౌ ఉంటుంది, పొడుగు డబ్బా పక్కన దూర్చేది. దాన్ని నమ్ముకుని ఒకసారి డిసెంబరులో వెళ్ళాం. తెల్లారి ఆరింటికి నాబ్ తిప్పితే టిక్కు టిక్కు తప్ప మంట లేదు. డబ్బా ఊపితే లోపల గలగలమంటోంది. బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కాదు, ద్రవంగానే ఉండిపోతుంది. ఆ డబ్బాని మా బావమరిది చొక్కా లోపల పెట్టుకుని అరగంట తిరిగాడు, అప్పుడు కాఫీ వచ్చింది. ప్రొపేన్ స్టౌ తీసుకెళ్ళండి, అది మైనస్ 42 దాకా మరుగుతుంది. ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉంటుంది. చిన్న కుక్కర్ పెట్టుకోండి. శనివారం మధ్యాహ్నానికి ఇంట్లో చేసిన పులిహోర, రాత్రికి కుక్కర్లో పప్పన్నం, ఆవకాయ, కూలర్‌లో పెరుగు. రాత్రి చీకట్లో ఉల్లిపాయలు కోసే వంటలు పెట్టుకోవద్దు. పుల్లలు అక్కడ ఏరకూడదు, కట్టెలు వెంట తెచ్చుకోవాలి. పొడి గాలి రోజుల్లో నిప్పు నిషేధం పెడతారు, వెళ్ళే ముందు ప్రిజర్వ్ వెబ్‌సైటులో నిప్పు, రోడ్లు రెండూ చూడండి. 2023 ఆగస్టులో హిలరీ తుఫాను వానలకి అక్కడి తారు రోడ్లే కొట్టుకుపోయాయి.

ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి. ఐఫోన్ 14, ఆ తరవాతవి శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపగలవు, కానీ దానికి ఆకాశం కనిపించాలి, ఛార్జింగ్ ఉండాలి. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాపు కూడా పెట్టుకోండి. ఫోన్ మ్యాపు చూపించే దగ్గర దారుల్ని నమ్మొద్దు. 2023 నవంబరులో వేగాస్ నుంచి వస్తున్న బోలెడు కార్లు ఫ్రీవే మీద దుమ్ము తుఫాను తప్పించుకోవడానికి ఫోన్ చెప్పిన అడ్డదారి పట్టి ఎడారిలో ఇరుక్కున్నాయి. అర్వైన్‌లో ఉండే ఒకరికి మీ దారి, రెండు బండ్ల నంబర్లు, ఆదివారం రాత్రి ఏ టైముకి మీ నుంచి మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసిచ్చి వెళ్ళండి.

ఆదివారం పొద్దున అబ్బాయిని రింగ్స్ ట్రెయిల్‌కి తీసుకెళ్ళండి, క్యాంపు పక్కనే. రాతి సందులో బిగించిన ఇనప కడియాలు పట్టుకుని ఎక్కడం, పిల్లలకి పండగ. అమ్మానాన్నకి కాదు. పదింటికల్లా సామాను సర్దేసి, వచ్చిన దారినే 40 పట్టుకోండి. మధ్యాహ్నం దాటితే వేగాస్ నుంచి తిరిగొచ్చే జనం బార్‌స్టో దగ్గర మీతో కలుస్తారు, అక్కణ్ణుంచి ఇల్లు ఎప్పుడు చేరతారో దేవుడికే తెలియాలి.

నేను జనవరిలో ఇంకో ఇద్దరితో కలిసి తూర్పు ముక్కకి వెళ్తున్నాను, నది నుంచి ఫోర్ట్ పయూట్ మీదుగా రాక్ స్ప్రింగ్ దాకా. నవంబరులో రెండో బండి దొరక్కపోతే మెయిల్‌బాక్స్ అప్పటికి దాచుకోండి. మీ 4రన్నర్‌కి మా వెనక చోటుంది. కంప్రెసర్ మాత్రం మీదే తెచ్చుకోవాలి.